లాడం కొట్టించుకోని గుర్రం: ముందు నొప్పి సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. శంకర్‌పల్లి దగ్గర మీ ఫామ్‌లో ఏడేళ్ల ఆడగుర్రం ఉంది, రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ (పరుగు పందేల జాతి). మొదట్లో లాడాలు బుద్ధిగా కొట్టించుకునేది. పోయినసారి కొట్టించాక మూడో రోజు నుంచి ముందు కుడికాలు కుంటి, వారం తిరక్కుండానే సర్దుకుంది. ఇప్పుడు ఆరు వారాలైంది. నాల్‌బంద్ (లాడాలు కొట్టే మనిషి) పనిముట్ల పెట్టె కింద పెట్టిన చప్పుడు వింటేనే వెనక్కి లాగుతోంది. పై పెదవికి మెలితాడు వేశారు, కాలు తాడుతో కట్టి ఎత్తారు, అది వెనక్కి కూలబడింది. మత్తు ఇప్పించాలా, మనిషిని మార్చాలా, అసలు లాడాలే తీసేయాలా అన్నది మీ ప్రశ్న.

మూడింటికీ జవాబు చెబుతాను, కానీ ఆ వరుసలో కాదు. ట్రాక్ నుంచి బయటికొచ్చిన గుర్రాల కాళ్లు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన మాట 'మూడో రోజు నుంచి కుంటింది' అన్నది. దాన్ని మీరు మధ్యలో మామూలుగా చెప్పి వదిలేశారు. మొండితనం గురించి రాసిన పేరాలన్నీ దాని తర్వాతే చదవాలి.

గిట్ట బయటి గోడ మన గోరు లాంటిది, దానికి నొప్పి తెలియదు. దాని లోపలివైపు నరాలు, రక్తనాళాలు ఉన్న మెత్తటి పొర ఉంటుంది. అడుగువైపు నుంచి చూస్తే గోడ లోపలి అంచు వెంబడి లేత పసుపు రంగు గీత ఒకటి కనిపిస్తుంది, వైట్ లైన్ అనేది దాన్నే. మేకు ఆ గీతకు బయటే దిగాలి. మెత్తటి పొరలోకే దిగితే గుర్రం అక్కడికక్కడే కాలు లాక్కుంటుంది, మేకు తీస్తే రక్తం కనిపిస్తుంది. పొరలోకి దిగకుండా దాన్ని ఆనుకుని పోతే మాత్రం ఆ రోజు ఎవరికీ ఏమీ తెలియకపోవచ్చు. అడుగు వేసిన ప్రతిసారీ లోపల ఒత్తిడి పడి, రెండు మూడు రోజులకు కుంటు బయటపడుతుంది. మీ గుర్రం విషయంలో నా అనుమానం ఈ రెండో రకం మీదే. పైగా ఆ మేకు ఇప్పటికీ అదే కాల్లో ఉంది. అదే కాలు ఎత్తి, అదే లాడం మీద సుత్తితో కొట్టి ఊడదీయబోతే అది ఎందుకు నిలబడుతుంది?

కాబట్టి కొత్త లాడాల సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఈ వారం కాళ్లు పరీక్ష చేయించండి. మీరు చేయగలిగింది కొంత ఉంది. గిట్టకు పైనున్న కీలు వెనకవైపు, పక్కగా, రెండు వేళ్లతో మెల్లగా తడిమితే నాడి తగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న కాల్లో అది చాలా సన్నగా ఉంటుంది, ఒక్కోసారి దొరకనే దొరకదు. నాలుగు కాళ్లూ పోల్చి చూడండి. ఒక కాల్లో మాత్రం బలంగా కొట్టుకుంటూ, గిట్ట కూడా వేడిగా ఉంటే లోపల ఏదో జరుగుతోందని అర్థం. రోజూ పొద్దున బయటికి వదలకముందు ఇలా చూడడం అలవాటు చేసుకుంటే మామూలుగా ఎలా ఉంటుందో మీ వేళ్లకే తెలిసిపోతుంది. తర్వాత మేకు కొన గోడలోంచి బయటికొచ్చి మడిచిన చోట్లను ఒక్కొక్కటిగా చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. ఒక మేకు దగ్గర మాత్రమే ఉలిక్కిపడితే దొంగ దొరికినట్టే. డాక్టర్ అయితే గిట్టను పట్టి చూసే పటకారులాంటి హుఫ్ టెస్టర్‌తో నొక్కి ఇంకా కచ్చితంగా చెబుతారు.

ఒకవేళ హఠాత్తుగా కాలు నేల మీద మోపలేనంతగా కుంటితే చీము పట్టిందేమో చూడాలి. అది ఆ రోజే డాక్టర్‌ని పిలవాల్సిన విషయం, రేపటికి వాయిదా వేయకండి. చీముకు దారి దొరికితే గుర్రానికి చాలా త్వరగా ఉపశమనం వస్తుంది. తర్వాత గోరువెచ్చని ఎప్సమ్ సాల్ట్ నీళ్లలో కాలు నానబెట్టడం, కట్టు కట్టి శుభ్రంగా ఉంచడం మీ పని. ఇక్కడే టెటనస్ గురించి అడగండి. ధనుర్వాతం సులువుగా అంటుకునే జంతువుల్లో గుర్రానిది మొదటి వరస. టీకా ఎప్పుడు వేయించారో మీకు గుర్తు లేకపోతే వేయించనట్టే లెక్క, డాక్టర్‌కు ఆ మాటే చెప్పండి.

పాత లాడం తీసే పద్ధతి కూడా ఇలాంటి గుర్రానికి వేరుగా ఉండాలి. మామూలుగా మడమవైపు పటకారు దూర్చి, లాడాన్ని ఎత్తి, ఒక్క ఊపున పీకేస్తారు. గోడ మందంగా ఉన్న గుర్రానికి అది చెల్లుతుంది. మీదానికి వద్దు. మడిచిన కొనలన్నీ ఆకురాయితో అరగదీసి, లేదా పైకి లేపి నిటారుగా చేసి, మేకులు ఒక్కొక్కటిగా బయటికి లాగమనండి. కాస్త ఆలస్యమవుతుంది గానీ గోడ ముక్కలు ఊడవు, గిట్ట అడుగు మీద నొక్కుడు పడదు. ఇంకో లాభం ఏమిటంటే, లాగిన ప్రతి మేకునూ మీరు చేతిలోకి తీసుకుని చూడొచ్చు. పొడిగా, శుభ్రంగా ఉంటే పరవాలేదు. తడిగా, నల్లగా, వాసన కొడుతూ వస్తే అది దిగిన రంధ్రమే మీ కథంతటికీ మూలం. ఆ రంధ్రం ఎక్కడుందో ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, డాక్టర్‌కూ నాల్‌బంద్‌కూ పనికొస్తుంది.

ఇక్కడ నాల్‌బంద్ పక్షాన ఒక మాట. మేకు దగ్గరగా దిగడం చేయి తిరిగిన వాళ్లకూ జరుగుతుంది. థరోబ్రెడ్ గిట్ట గోడ పలచన, మడమవైపు పోయేకొద్దీ మరీ పలచన. చాలావాటికి గిట్ట అడుగు చదునుగా, సన్నగా ఉంటుంది. గుర్రం కదిలితే వెంట్రుకవాసిలో మేకు దారి తప్పుతుంది. అతన్ని మార్చాలా వద్దా అన్నది ఒక్క మేకును బట్టి తేల్చకండి. సంగతి చెప్పినప్పుడు అతను ఏమంటాడో చూడండి. 'ఏ మేకో చూద్దాం పట్టండి' అనేవాడు మీకు కావాల్సినవాడు. 'దీనికి పొగరు, రెండు తగిలిస్తే దారికొస్తుంది' అనేవాడిని మాత్రం ఎంత పనిమంతుడైనా ఈ గుర్రం దగ్గరికి మళ్లీ రానివ్వకండి.

వీలైతే ముందు కాళ్లు రెంటికీ పక్క నుంచి ఎక్స్‌రే తీయించండి. పోర్టబుల్ మిషన్‌తో ఫామ్‌కే వచ్చి తీసే డాక్టర్లు ఉన్నారు. గిట్ట లోపలి ఎముక కింద అడుగు మందం ఎంతుందో అందులో తెలుస్తుంది. 15 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే హాయి. ట్రాక్ నుంచి వచ్చిన గుర్రాల్లో చాలావాటికి 10 కూడా ఉండదు. అలాంటి కాలి అడుగును కత్తితో 'శుభ్రంగా' చెక్కడం పెద్ద అన్యాయం. ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న పెళుసు పొర తప్ప ఇంకేమీ తీయొద్దని ముందే చెప్పండి. మధ్యలో వీ ఆకారంలో ఉండే మెత్తటి ఫ్రాగ్‌ను కూడా అందం కోసం కోయనివ్వకండి. కోస్తే ఆ రోజు చూడ్డానికి బాగుంటుంది, మర్నాడు కంకర మీద ఒక్కో అడుగూ తడుముకుంటూ వేస్తుంది.

మేకుల విషయంలో నేను పట్టుబట్టేవి కొన్ని ఉన్నాయి. దొరికిన వాటిలో అన్నిటికన్నా సన్నని మేకులు వాడాలి. లాడం ఆగడానికి ఎన్ని కావాలో అన్నే కొట్టాలి, లాడానికి రంధ్రాలున్నాయి కదా అని అన్నీ నింపక్కర్లేదు. గిట్ట బాగా వెడల్పుగా ఉండే చోటు దాటి వెనక్కి, మడమవైపు, మేకు కొట్టొద్దు. గుర్రపు మేకుకు ఒక వైపు కొన ఏటవాలుగా ఉంటుంది, తల మీద గుర్తు కూడా ఆ వైపే ఉంటుంది. ఆ వైపు ఫ్రాగ్‌కు ఎదురుగా ఉంటేనే మేకు బయటికి వంగుతూ పోతుంది, తిరగేసి పెడితే నేరుగా లోపలికి పోతుంది. కొన గోడ ఎత్తులో మూడోవంతు దగ్గర, అటూ ఇటూగా రెండు సెంటీమీటర్ల పైన బయటికి రావాలి. చెవి కూడా పెట్టండి. గట్టి గోడలో దిగే మేకు ఒక్కో దెబ్బకూ ఖంగుమంటూ బిగుస్తూ పోతుంది. చప్పుడు మొద్దుబారి, మేకు సులువుగా జారిపోతుంటే అక్కడే ఆపి, వెనక్కి లాగి చూడాలి. ఇక కొన బయటికి రాగానే తుంచేయాలి, ఇంకో మేకు ముట్టుకోకముందే. తుంచని కొనతో గుర్రం కాలు లాక్కుంటే, కాలు పట్టుకున్న మనిషి తొడ చీరుకుపోతుంది. సున్నితమైన గుర్రం దగ్గర ఈ ఒక్క జాగ్రత్త తప్పితే మనిషిని ఆసుపత్రికి మోసుకెళ్లాల్సి వస్తుంది.

ఆరు వారాలైంది అన్నారు కదా, ఆ గడువును కూడా తగ్గించండి. గిట్ట నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ట్రాక్ గుర్రాలకు ముందుకొన పొడవై, మడమలు నలిగి కిందికి వాలిపోయే గుణం ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ లాడం ముందుకు జరిగిపోయి మడమను నొక్కుతుంది, మేకులు వదులవుతాయి. అప్పుడు ఒకేసారి ఎక్కువ కోయాలి, ఎక్కువసేపు కాలు పట్టుకోవాలి. నాలుగైదు వారాలకోసారి అయితే పని కొంచెమే ఉంటుంది, గుర్రం ఓపిక అయిపోకముందే ముగుస్తుంది.

అసలు వెనక కాళ్లకు లాడాలు ఎందుకు? మీరు ఇసుక మీద, మట్టి దారి మీద తేలికగా స్వారీ చేస్తున్నామన్నారు. అలాంటప్పుడు వెనకవి తీసేసి అంచులు గుండ్రంగా అరగదీయిస్తే చాలావాటికి సరిపోతుంది. సుత్తి పని సగానికి సగం తగ్గిపోతుంది. ముందు కాళ్లవి కూడా తీసేయొచ్చా అంటే, ఎక్స్‌రే చూడకుండా నేను ఒప్పుకోను. అడుగు సన్నగా ఉన్న గుర్రాన్ని ఒక్కసారిగా ఉత్తికాళ్లతో మన కంకర నేల మీద వదిలితే నెలల తరబడి బాధపడుతుంది. తీయాలనే అనుకుంటే స్వారీ ఆపేసి, మెత్తటి నేల మీద ఉంచి, బయటికి నడిపించేటప్పుడు గిట్టలకు హుఫ్ బూట్లు తొడిగి, నిదానంగా వెళ్లాలి. గిట్ట ముందువైపు పైనుంచి కిందిదాకా కొత్తగా దిగడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది, అంత ఓపిక ఉంటేనే ఆ దారి పట్టండి. జిగురుతో అంటించే లాడాలు కూడా ఉన్నాయి. మేకులే ఉండవు కాబట్టి ఇలాంటి గుర్రాలకు ఒకటి రెండు విడతలు గొప్పగా పనికొస్తాయి. ఖర్చెక్కువ, గిట్ట పూర్తిగా పొడిగా ఉండాలి, వానాకాలంలో అంటించడం కష్టం. చేయి తిరిగినవాళ్లు రేసు గుర్రాలకు పనిచేసే వాళ్లలోనే దొరుకుతారు, మలక్‌పేట రేస్ కోర్సు వైపు విచారించండి.

నొప్పి గిట్టలోనే ఉండాలని కూడా లేదు. వెనక కాలు ఎత్తినప్పుడు పైకి గుంజుకుని వణుకుతూ, తోక లేపి, కింద పెట్టలేక అవస్థ పడుతుంటే అది షివర్స్ అనే నరాల జబ్బు కావొచ్చు. ఎత్తైన గుర్రాల్లో ఎక్కువ. లాడం కొట్టేటప్పుడు ఇబ్బంది పెట్టడమే చాలాసార్లు దాని మొదటి గుర్తు. రేసుల్లో అరిగిన కీళ్లు, నడుము నొప్పి ఉన్న గుర్రానికి కాలు ఎత్తి పక్కకు లాగితే ప్రాణం పోయినంత నొప్పి పుడుతుంది. డాక్టర్‌తో మాట్లాడి నాలుగైదు రోజులు నొప్పి మందు వాడి చూస్తే తెలిసిపోతుంది. మందు వేసినప్పుడు కాలు ఇచ్చి, మానేశాక ఇవ్వకపోతే అది పొగరు కాదు. ఇంకొకటి, ముందు కాళ్లు రెండూ ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి, రెండు గిట్టలూ వేడిగా ఉంటే లామినైటిస్ (గిట్ట లోపలి మెత్తటి పొర వాపు) కావొచ్చు. అప్పుడు లాడాల ఊసే వద్దు. గింజలు, బెల్లం ఆపేసి, కాళ్లు ఐసు నీళ్లలో పెట్టి వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఇప్పుడు మత్తు సంగతి. నొప్పి కారణం దొరికి, దానికి వైద్యం అయ్యాక వచ్చే మొదటి రెండు విడతలకు డాక్టర్‌ని పిలిపించి మత్తు ఇప్పించి లాడాలు కొట్టించడం మంచి పనే. అందులో తప్పేమీ లేదు. భయపడుతున్న జంతువును నలుగురు పట్టుకుని పెనుగులాడడం కన్నా ఎన్నో రెట్లు నయం. మామూలుగా జైలజీన్ వాడతారు, దాని ప్రభావం అరగంట లోపే, కాబట్టి నాల్‌బంద్ పనిముట్లు పరిచి సిద్ధంగా ఉన్నాకే ఇవ్వాలి. ఎక్కువసేపు పనుంటే డాక్టర్ వేరే మందు ఎంచుకుంటారు. కానీ మత్తుమందును మీరో సైసో (గుర్రాన్ని చూసుకునే మనిషి) ఎప్పుడూ ఇవ్వకండి. మెడలో సిరకు పక్కనే ధమని ఉంటుంది, పొరపాటున మందు అందులోకి పోతే గుర్రం అక్కడే ఫిట్స్ వచ్చి పడిపోతుంది. తల వాల్చి నిద్రపోతున్నట్టున్న గుర్రం కూడా ఉన్నట్టుండి తన్నగలదని నాల్‌బంద్‌కు గుర్తుచేయండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా మేత పెట్టకండి, గొంతులో అడ్డం పడుతుంది.

మెలితాడును రెండు మూడు నిమిషాల పనికి, తెలిసిన మనిషి చేతిలో అయితే నేను కాదనను. చెవి మెలిపెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు, ఆ తర్వాత తలకు హాల్టర్ తొడగడమే గగనమవుతుంది. కాలు తాడుతో కట్టి పైకి లాగడం ఇక చేయొద్దని గట్టిగా చెబుతున్నాను. మీ గుర్రం కూలబడి లేచింది కాబట్టి సరిపోయింది. అలా పడ్డప్పుడు నడుము విరిగితే దానికి మందు లేదు.

రోజువారీ సాధన మీ చేతిలో ఉంది. పొద్దున, సాయంత్రం ఐదేసి నిమిషాలు చాలు. భుజం నుంచి కిందికి చేయి జార్చుకుంటూ వెళ్లి, అది బరువు మార్చుకోగానే చేయి తీసేయండి. తర్వాత కాలు ఎత్తి, రెండు క్షణాలు ఉంచి, అది లాక్కోకముందే మీరే కింద పెట్టండి. కీలకమంతా ఇక్కడే ఉంది. గుంజినప్పుడు వదిలితే గుంజడం నేర్చుకుంటుంది, కుదురుగా ఉన్నప్పుడు వదిలితే కుదురుగా ఉండడం నేర్చుకుంటుంది. కాలును శరీరం కిందే, తక్కువ ఎత్తులో పట్టుకోండి. అది కుదిరాక గిట్టను చేత్తో తట్టడం, ఆ తర్వాత చెక్కతో, తర్వాత చిన్న సుత్తితో. పనిముట్ల పెట్టెను రోజూ దాని మేత తొట్టి దగ్గర తెచ్చి పెట్టి, చప్పుడు చేసి, ఏమీ చేయకుండా తీసుకుపోండి. టెన్షన్ పడుతున్నట్టు అనిపిస్తే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. సైసుకూ ఇదే పద్ధతి నేర్పండి. మీరు మెల్లగా చేసి, అతను కసిరి చేస్తే గుర్రానికి ఏది నమ్మాలో తెలియదు.

లాడాలు కొట్టే రోజు పొద్దున్నే పెట్టుకోండి. మేత వేళకు, మిగతా గుర్రాలను బయటికి వదిలే వేళకు వద్దు. ఈగలున్న కాలంలో ఫ్యాన్ పెట్టండి, కాళ్లకు ఈగల మందు రాయండి. మూడు కాళ్ల మీద నిలబడ్డ గుర్రం ఈగను తోలుకోలేక కాలు గుంజితే దాన్ని తప్పుపట్టలేం. కింద జారని నేల ఉండాలి, కనుచూపు మేరలో తోటి గుర్రం ఉండాలి. గోడకు బిగించి కట్టకండి, పగ్గం మనిషి చేతిలో ఉండాలి. ఆ మనిషి నాల్‌బంద్ ఏ పక్కన ఉంటే ఆ పక్కనే నిలబడాలి. గుర్రం అదిరితే తలను తనవైపు తిప్పుకుంటాడు, వెనక భాగం నాల్‌బంద్‌కు దూరంగా పోతుంది. ముందు కాళ్లు ఇవాళ, వెనకవి రేపు చేసుకున్నా కొంప మునిగేదేమీ లేదు.

లాయం గురించి రెండే విషయాలు. వానాకాలంలో మూత్రంతో తడిసిన పరుపు మీద నిలబడితే ఫ్రాగ్ కుళ్లి, నల్లటి జిగట కారుతూ ముక్కు మూసుకునే వాసన వస్తుంది. ఆ నొప్పితో కూడా కాలు ఇవ్వదు. రోజూ గిట్టలు గీకి, పరుపు పొడిగా ఉంచి, పోవిడోన్ అయోడిన్ వాడితే చాలావరకు పోతుంది. మైలుతుత్తం ముద్ద నేరుగా పచ్చి మాంసం మీద పెట్టకండి, కాలుతుంది. దాణాలో బయోటిన్ రోజుకు 20 మిల్లీగ్రాములు, దానితో పాటు జింకు, రాగి సరిపడా అందేలా చూడండి. కొత్తగా పెరిగే గోడకే దాని ఫలితం, కాబట్టి ఆర్నెల్లకు ముందు తేడా వెతకొద్దు.

చివరిగా డబ్బు సంగతి. నాల్‌బంద్‌లు గుర్రానికి ఇంత అని తీసుకుంటారు, అందుకే తొందరపడతారు. మీ గుర్రానికి సమయం లెక్కన ఇస్తానని చెప్పండి. వచ్చే రెండు వారాల్లో ఒకసారి పిలిచి, సుత్తి ముట్టకుండా నాలుగు కాళ్లూ ఎత్తి దించి, కాస్త బెల్లం ముక్క పెట్టి వెళ్లమనండి, ఆ పూటకు కూడా కూలి ఇవ్వండి. లామినైటిస్ అనుమానం ఉంటే బెల్లం బదులు గుప్పెడు ఎండుగడ్డి. డాక్టర్ మేకు సంగతి తేల్చాక ఏ కాలు, ఏ మేకు, నాడి ఎలా ఉందో రాయండి, ఎక్స్‌రే తీయిస్తే అది కూడా పెట్టండి. తర్వాతి విడతకు ఎలాంటి లాడం వేయాలో దాన్ని చూసి చెబుతాను.